ఘటం ఎత్తే ఇల్లు

అమ్మవారు మా ఇంటిని ఎన్నుకుంది. మలేషియాలో, ఈ కువాలా సెలంగోర్‌లో మా తెలుగువాళ్ళ ఇళ్ళు నలభై మూడుంటే, ఆ తల్లి కంటికి ఆనింది మా ఇల్లొక్కటే. ఏటా పండుగనాడు ఘటం మా ఇంటి ఆడదాని నెత్తిమీదే ఊరేగుతుంది. ప్రతి గుమ్మం దగ్గరా ఆగుతుంది, ఆ ఇంటివాళ్ళు మా కాళ్ళమీద పసుపునీళ్ళు పోస్తారు. మొదట మా అమ్మమ్మ, తర్వాత మా అమ్మ, ఆ తర్వాత ముప్ఫై రెండేళ్ళు నేను. ఎదురింటి చిన్నమ్మకు ఆ ఘటం మీద కన్ను. నోరు తెరిచి ఏనాడూ అడగలేదనుకోండి, చూపు చెప్పదూ? అందుకే ఎదురిల్లే అయినా దాని గుమ్మానికి అందరికన్నా ఆఖరున వెళ్ళేదాన్ని.

ఈ ఏడు నా మోకాలు మొండికేసింది. ఇక ఎత్తాల్సింది మా అమ్మాయి మాధవి. క్లాంగ్‌లో ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం నాలుగు భాషలు కలిపి, మధ్యలో ఇక్కడి మలైవాళ్ళ 'లా' తగిలించుకుని వస్తుంది.

"వద్దు లా అమ్మా. మనం గొప్ప, చిన్నమ్మ ఆంటీ వాళ్ళు తక్కువా? ఆ గొప్ప నాకు వద్దు."

బతిమాలాను, తిట్టాను, అన్నం మానేశాను. ఒక్క పూటే లెండి. అది దిగిరాలేదు. పైగా గుడి కమిటీ పెద్ద తాతబాబు వచ్చి కూర్చున్నాడు.

"నరసమ్మా, ఆదివారం పొద్దుటికి మీ యింట్లో ఎవులూ ఎత్తకపోతే సిన్నమ్మకి ఇచ్చేస్తాం."

ముగ్గురాడవాళ్ళు మోసిన ఘటం నా కళ్ళముందే గడప దాటిపోతుందా?

అప్పుడు గుర్తొచ్చింది హన్నా. మా పాత తెలుగును రికార్డు చేసుకోవడానికి మెల్‌బోర్న్ నుంచి వచ్చి, నెలరోజులుగా మా వెనకగదిలో ఉంటోంది. యూదుల పిల్ల. తన గిన్నె, తన గరిట వెంట తెచ్చుకుంది. మా ఇంట్లో మాంసం ముట్టదు, శనివారం వస్తే రికార్డరు కూడా ముట్టదు. దాని మడి ముందు నా మడి ఎందుకూ కొరగాదు. తెలుగు పుస్తకాల్లో నేర్చుకుంది, పంతులుగారిలా మాట్లాడుతుంది. దేవుడు ఎన్నుకున్న జనమట వాళ్ళు! ఆ మాట విన్న రోజునుంచి నాకది సొంత చుట్టమే.

గురువారం సాయంత్రం టీ పెట్టి ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాను.

"సెప్పు తల్లీ. దేవుడు ఎన్నుకుంటే ఎంత గొప్పో మా మొద్దుకి సెప్పు."

హన్నా నవ్వింది. "మా పెద్దలు ఒక కథ చెబుతారండీ. దేవుడు తన ధర్మాన్ని పట్టుకొని ప్రతి జాతి గుమ్మానికీ వెళ్ళాడట. అందులో ఏముందని ఒకరు అడిగారు. హత్య చేయరాదని ఉంది అన్నాడు. అయితే మాకు వద్దన్నారు. ఇంకొకరికి దొంగతనం చేయరాదని చెప్పాడు. వారూ తలుపు వేసుకున్నారు. చివరకు మా దగ్గరకు వచ్చాడు. ఏముందని అడగకుండానే మేము చేస్తామన్నాము."

"అంటే ఎవులూ పుచ్చుకోకపోతే మీకు అంటగట్టినాడా?" ఆపుకోలేక అనేశాను. మాధవికి టీ పొలమారింది.

"అలా కూడా అనుకోవచ్చు. కొండను ఎత్తి మా తలలమీద పట్టుకొని, ఒప్పుకుంటారా, ఇక్కడే పూడ్చేయమంటారా అన్నాడని ఇంకొక కథ ఉంది."

"ఓలమ్మో! మరి మీకు ఒరిగిందేటి?"

"ఆరువందల పదమూడు నియమాలు. తప్పితే అందరికన్నా ముందు మాకే చీవాట్లు. మేము మేలైనవాళ్ళమని కాదండీ, ఒక పని మామీద పడిందని అర్థం. మాలోనూ గొప్పలకు పోయినవాళ్ళున్నారు. వారిని మా ప్రవక్త ఒకాయన దేవుడి మాటగా గద్దించాడు. మిమ్మల్ని పరాయి నేల నుంచి దాటించానని విర్రవీగుతున్నారా, మీ పక్కవాళ్ళనూ దాటించింది నేనే కదా, అని."

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. నెల్లాళ్ళు ముద్దపప్పు పెడితే నా కొంపే ముంచింది.

మాధవి గ్లాసు కింద పెట్టింది. "అమ్మా, నిజం సెప్పు. అమ్మోరు పట్టుచీర కట్టుకుని నీ అమ్మమ్మ కలలోకి వచ్చి, మీ ఇల్లే కావాలన్నాదా? రియల్లీ?"

ఆ కల కథ నేను వందసార్లు చెప్పి ఉంటాను. చెప్పినప్పుడల్లా చీర అంచు బెత్తెడు పెరిగేది. ఇప్పుడు అవునంటే ఇది ఎత్తదు, ఘటం పోతుంది, కాదంటే పరువు పోతుంది. పిల్ల నా మొహంలోకే చూస్తోంది.

"రానేదు," అన్నాను.

చెప్పేశాను. మా అమ్మమ్మ కాలంలో ఎస్టేటు కూలీల లైన్లలో ఇంటింటా అమ్మవారు పోసింది. ఘటం ఎత్తుతామని పెద్దలు మొక్కుకున్నారు. ఎత్తే మనిషి మాత్రం జబ్బున్న ప్రతి ఇంట్లోకీ వెళ్ళాలి, గంజి పొయ్యాలి, వేపాకు వెయ్యాలి. గడపగడపా తిరిగి అడిగారు. ఒకామెకు నడుంనొప్పి, ఒకామెకు చంటిపిల్ల, ఒకామె తలుపే తియ్యలేదు. ఇరవయ్యేళ్ళ మా అమ్మమ్మ సింహాచలం "ఇలా తెండి" అంది. అంతే. కలా లేదు, పట్టుచీరా లేదు. చెప్పాక నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఇది ముందే సెప్పొచ్చు కదా లా," అంది మాధవి. ఆ వెంటనే, "బరువెంత?" అంది.

"నీళ్ళతో ఎనిమిది కేజీలుంటాది."

"ఓకే. ఎత్తుతాను. కానీ ఫస్ట్ చిన్నమ్మ ఆంటీ ఇల్లు."

ఆదివారం ఘటం మా గడప దాటి తిన్నగా ఎదురింటికి వెళ్ళింది. వెనకాల కుంటుకుంటూ నేను. చిన్నమ్మ చెంబుతో వచ్చి మాధవి కాళ్ళమీద పసుపునీళ్ళు పోస్తోంది. కడుపులో దాచుకుంటే అరిగేలా లేదని నోరు విప్పాను.

"సిన్నమ్మా, ఆ కల కత ఉత్తిదే."

"నాకు తెల్సు," అంది చిన్నమ్మ, చెంబు వంచుతూనే. "ఆరోజు మీ అమ్మమ్మ ముందు తొక్కిన గుమ్మం మాదే. మాయమ్మ అప్పుడు సిన్నపిల్ల, ఒళ్ళంతా పొక్కులు. ఒళ్ళో ఎట్టుకుని గంజి తాగించినాదంట."

"మరి ఇన్నేళ్ళూ నా గొప్పలు ఇనుకుంటా ఎందుకూరుకున్నావే?"

"మాయమ్మ బతికినాది కాబట్టే కదా, ఇనడానికి నానున్నాను."

ఇంక నావల్ల కాలేదు. చిన్నమ్మ గుమ్మంలోనే కూలబడి బావురుమన్నాను.