లాడిస్లావ్ పాతిన స్తంభం

పాత రోడ్ల సంఘం పత్రికలో వెండెల్ కోల్టర్‌మన్ ఇరవై ఏళ్లుగా ఒకే మాట తిప్పి తిప్పి రాశాడు. రోడ్డు పక్కన దారి గుర్తుగా పాతిన సిమెంటు స్తంభాన్ని తవ్వి తియ్యాలి, లాగి తియ్యకూడదు. నేలలో ఎంత లోతుందో అంత లోతూ పక్కనుంచి గుంట తియ్యాలి. అడుగు కనిపించాక స్తంభాన్ని గుంటలోకి వాల్చి, పలకల మీదుగా పైకి దొర్లించాలి. గొలుసు కట్టి బండితో లాగేవాడు దొంగకంటే హీనం. దొంగ కనీసం వస్తువును బతకనిస్తాడు.

సంఘం సమావేశాల్లో లేచి నిలబడి మరీ ఈ మాట చెప్పేవాడు. అయోవా నుంచి వచ్చిన ఒకాయన ఒకసారి తాను లాగి విరగ్గొట్టానని అందరిముందూ ఒప్పుకున్నాడు. వెండెల్ ఆయనతో ఆ తర్వాత పదేళ్లు మాట్లాడలేదు. ఆయన పోయినప్పుడు సానుభూతి కార్డు కూడా పంపలేదు.

వెండెల్ షెడ్డు ఇంటికంటే పెద్దది. కారులో అమెరికాను ఈ కొస నుంచి ఆ కొసకు దాటడం ఇంకా సాహసంగా ఉన్న రోజుల్లో లింకన్ హైవే పక్కన ఏమేం ఉండేవో అవన్నీ అందులో ఉన్నాయి. పెట్రోలు పంపుల మీది గాజు బుర్రలు, ఎనామిల్ రేకులు, రాత్రి బస గుడిసెల తాళంచెవుల బిళ్లలు, టైర్ల దుకాణం గోడనుంచి ఇటుకలతో సహా కోసి తెచ్చిన బొమ్మ. లేనిది ఒకటే. 1928లో స్కౌటు కుర్రాళ్లు ఒకే రోజున రెండు సముద్రాల మధ్య ఆ రోడ్డు పొడవునా అలాంటి మూడువేల స్తంభాలు పాతారు. వాటిలో చాలావాటిని మంచు ఊడ్చే బళ్లు పడగొట్టాయి, మిగతావాటి కంచు బిళ్లలు జనం పీకేసుకున్నారు. లింకన్ తల ఉన్న బిళ్లతో, నీలి బాణంతో, పాతినచోటే నిలిచి ఉన్న స్తంభం ఆ చుట్టుపక్కల మూడు కౌంటీల్లో ఒక్కటే మిగిలింది.

అది వెండెల్ బామ్మర్ది వెర్నన్ జావదిల్ పొలంలో ఉంది. కొత్త రోడ్డు తిన్నగా వేసినప్పుడు పాత రోడ్డు ఒక మైలు మేర ఆ పొలంలో ఉండిపోయింది. గడ్డి మొలిచి, కంకర అడుగున పడి, ఇప్పుడు దూడలు తిరిగే బాట అయింది. స్తంభం పాతింది వెర్నన్ తండ్రి లాడిస్లావ్. అప్పటికి ఆయనకు పదమూడేళ్లు. ఆ గుంట తానొక్కడే తవ్వానని చచ్చేదాకా చెప్పుకున్నాడు.

వెండెల్ భార్య ఆర్డిస్ ఆ లాడిస్లావ్ కూతురు, వెర్నన్‌కు అక్క. ఆమె పోయి రెండేళ్లయింది. అప్పటినుంచీ వెండెల్ ప్రతి ఆదివారం మధ్యాహ్నం వెర్నన్ ఇంట్లో తింటున్నాడు. పంది మాంసం, పిండి ఉండలు, పుల్లటి క్యాబేజీ. వారం మొత్తంలో అతనితో ఎవరైనా మాట్లాడేది ఆ రెండు గంటలే. అతనిచేత మాట్లాడించగల ఓపిక ఊళ్లో ఇంకెవరికీ మిగల్లేదు.

ఆర్డిస్ పోయిన రోజు అతను ఊళ్లో లేడు. ఫిబ్రవరి నెల. వయోమింగ్‌లో ఒక పాత మోటెల్‌ను కూలగొడుతున్నారని, దాని బోర్డు కావాలంటే రేపే రావాలని ఫోను వచ్చింది. ఆసుపత్రిలో ఆమె నిద్రపోతుంటే చూసి బయల్దేరాడు. ఆమె ఊపిరి ఆగినప్పుడు అతను నిచ్చెన మీద ఉండి బోల్టులు విప్పుతున్నాడు. ఆ సంగతి వెర్నన్ ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టే వెండెల్ ఆ బల్ల దగ్గర కూర్చోగలిగాడు.

ఆగస్టులో ఒక ఆదివారం, కంచాలు తీశాక, వెర్నన్ కబురు చెప్పాడు. వచ్చే వారం దాటాక మంగళవారం నాడు కౌంటీ వాళ్లు పొలం పక్క కాలవ వెడల్పు చేస్తున్నారు. స్తంభం దారికి అడ్డం. తవ్వే యంత్రం నడిపే అతనితో మాట్లాడాడట. దాన్ని మట్టితో సహా మెల్లగా ఎత్తి, ఇంటి దారి మొదట్లో దింపుతానన్నాడట.

“వాడికేం తెలుసు?” అన్నాడు వెండెల్. “రోజూ బురదెత్తేవాడు.”

“బరువెత్తడం తెలుసు కదా బావా.”

“నేను తవ్వి తీస్తాను. గీత పడకుండా తీస్తాను.”

“తీస్తావు. తీసి షెడ్డులో పెడతావు. మా నాన్న దాన్ని రోడ్డు మీద పాతాడు, జనం చూడ్డానికి.”

గిన్నెలు కడుగుతున్న వెర్నన్ భార్య లియోనా వెనక్కి తిరక్కుండానే అంది. “అన్నయ్యగారి షెడ్డులో పెట్రోలు పంపులే నాలుగున్నాయి. లీటరు పెట్రోలు దొరకదు.”

“నువ్వూ మొదలెట్టావా చెల్లెమ్మా.”

“మొదలెట్టి ముప్పై ఏళ్లయింది. మీకిప్పుడు వినబడింది.”

వెర్నన్ నవ్వాడు. వెండెల్ నవ్వలేదు. ఇంటికి వెళ్లే దారిలో పొలం గట్టున బండి ఆపి స్తంభాన్ని చూశాడు. యంత్రం పళ్లు దాని నడుముకు తగలడం కళ్లకు కట్టింది. ఆ వారమంతా అదే కనబడింది. సంఘంలో ఇద్దరికి ఫోను చేసి చెప్పుకున్నాడు. యజమాని ఒప్పుకోకపోతే ఏం చేస్తామన్నారిద్దరూ. వాళ్ల పేర్లనూ మనసులోనే కొట్టేశాడు. ప్రపంచంలో ఆ స్తంభాన్ని చెక్కుచెదరకుండా తియ్యగలవాడు తానొక్కడే అని నమ్మాడు. ఆ నమ్మకంలో దురాశ ఎంతో, ప్రేమ ఎంతో విడదీసి చూసుకునే అలవాటు అతనికి లేదు.

మరుసటి ఆదివారం జావదిల్ దంపతులు చర్చిలో పది గంటల పూజకు టౌనుకు వెళ్లారు. పూజయ్యాక హాల్లో కాఫీ, జామ్ పెట్టిన బన్నులు, కబుర్లు ఉంటాయి. పన్నెండు లోపు ఇల్లు చేరరు. పదీ పదికి వెండెల్ పికప్ బండి గట్టెక్కించాడు. పారలు రెండు, గడ్డపలుగు, పలకలు, పాత పరుపు తెచ్చాడు. గొలుసు కూడా ఉంది. ఎందుకుందని ఎవరైనా అడిగితే బండిలో ఎప్పుడూ ఉంటుందని చెప్పేవాడు. అది అబద్ధం. పొద్దున తనే మేకు మీంచి తీసి వేసుకున్నాడు.

స్తంభం నేల పైన నాలుగడుగులు, నేలలో మూడున్నర. ఐదు వారాలుగా వాన లేదు. అడుగులోతు దాటాక జిగురుమట్టి ఇటుకలా ఉంది. పలుగు దిగడం లేదు, మోగుతోంది. నలభై ఏళ్లప్పుడు ఇలాంటి గుంట గంటలో తవ్వేవాడు. ఆ లెక్కే వేసుకుని వచ్చాడు. ఇప్పుడతనికి డెబ్బైమూడు. పదకొండున్నరకు గుంట మోకాలి పైకి కూడా రాలేదు. అరచేతులు చిట్లాయి. గుంట అంచున కూర్చుంటే మళ్లీ లేవడానికి స్తంభాన్నే పట్టుకోవలసి వచ్చింది.

అప్పటికైనా మట్టి తోసేసి వెళ్లిపోవచ్చు. వెర్నన్ చూసేవాడు, నాలుగు మాటలనేవాడు, ఆదివారాలు మిగిలేవి. పదకొండూ నలభైకి వెండెల్ లేచి గొలుసు తీశాడు. స్తంభానికి పరుపు చుట్టాడు, పరుపు మీంచి గొలుసు చుట్టాడు. సగం వదులైంది కదా, మెల్లగా లాగితే వస్తుందనుకున్నాడు. ఇరవై ఏళ్లుగా విరగ్గొట్టినవాళ్లంతా అతనికి చెప్పిన మాట అదే.

బండి అడుగు కదిలింది. గొలుసు బిగిసింది. తర్వాత కట్టె విరిగినట్టు చిన్న చప్పుడైంది. బండి ఒక్కసారిగా తేలికై ముందుకు దూకింది.

దిగి చూశాడు. స్తంభం నేల మట్టానికి తెగిపోయింది. లోపలి ఇనుప కడ్డీలు నీరు చేరి చీపురుపుల్లల్లా తుప్పుపట్టి ఉన్నాయి. పై సగం గడ్డిలో బోర్లా పడింది. తిరగవేస్తే బాణం మీదుగా పగులు. కంచు బిళ్ల దాని గూటిలోంచి ఊడి మట్టిలో ఉంది. వెండెల్ బిళ్ల తీసి చొక్కాకు తుడిచాడు. ఏం చెయ్యాలో తెలియక దాన్ని గూటిలో పెట్టి చూశాడు. అది నిలవలేదు.

జావదిల్ కారు కొత్త రోడ్డు మీంచి గట్టువైపు తిరగడం అతను చూశాడు. పారిపోలేదు. ఎక్కడికి పారిపోవాలి.

లియోనా కారులోనే కూర్చుంది. వెర్నన్ పూజకు వేసుకున్న తెల్ల చొక్కాతో గడ్డిలోంచి నడిచి వచ్చాడు. గుంట చూశాడు, గొలుసు చూశాడు, స్తంభం దగ్గర ఆగాడు.

“వాడు విరగ్గొడతాడని భయమేసింది” అన్నాడు వెండెల్.

వెర్నన్ తల ఊపాడు, వాతావరణం గురించి చెబితే ఊపినట్టు.

“నేను పూజకు వెళ్లే వేళ చూసి వచ్చావు” అన్నాడు. గొంతు పెంచలేదు. “అక్క పోయినప్పుడూ అంతే బావా. తను నిద్రపోయేదాకా కూర్చుని, అప్పుడు లేచావు. మెలకువగా ఉంటే వద్దనేదని నీకు తెలుసు.”

“డాక్టరు ఇంకా వారం టైముందన్నాడు.”

“డాక్టరన్నాడు. అక్కనడిగావా?”

రెండేళ్లు వెతికినా దొరకని జవాబు ఆ గట్టు మీద దొరకదు.

“నాలుగింటికి కళ్లు తెరిచింది” అన్నాడు వెర్నన్. “వెండెల్‌కు బోర్డు దొరికిందా అనడిగింది. ఇంకేం అడగలేదు. నీకు చెప్పకూడదనుకున్నాను. ఇన్నాళ్లూ చెప్పలేదు.”

చొక్కా చేతులు పైకి మడిచి వంగాడు. “ఆ చివర పట్టుకో.”

ఇద్దరూ కలిసి పై సగాన్ని పికప్‌లోకి ఎత్తారు. వెండెల్ పట్టు జారితే బరువంతా వెర్నన్ మీద పడింది. తెల్ల చొక్కా మీద సిమెంటు గీత పడింది.

“తీసుకుపో. ఇక్కడుంచుకుని రోజూ చూడలేను. గుంట పూడ్చి వెళ్లు, దూడలు తిరుగుతాయి.” రెండడుగులు వేసి ఆగాడు. “లియోనా మూడు కంచాలు పెట్టి వచ్చింది. ఒకటి తీసెయ్యమంటాను.”

కారు వెళ్లిపోయింది. వెండెల్ ఒంటిగంటదాకా మట్టి తోశాడు. అంత శ్రమపడి తవ్విన మట్టి పార తగిలితే చాలు దానంతటదే జారిపోయింది.

మంగళవారం కౌంటీ వాళ్లు వచ్చారు. వెండెల్ కొత్త రోడ్డు పక్కన బండి ఆపుకుని చూశాడు. యంత్రం నడిపే అతను తొట్టి దింపి, మొదలు చుట్టూ మట్టిని మూడుసార్లు మెల్లగా గీరాడు. నాలుగోసారి అడుగునుంచి ఎత్తాడు. స్తంభం కింది సగం చిన్న పెచ్చు కూడా ఊడకుండా, మట్టిముద్దతో సహా పైకి వచ్చింది. రెండు నిమిషాలు పట్టలేదు.

అతను యంత్రం దిగి వచ్చి వెండెల్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. “స్తంభమన్నారు, మొండెమే ఉంది. ఇది తమదా పెద్దాయనా?”

“కాదు.”

“మరి ఆ ఇంటాయన వద్దన్నాడే.”

“అయితే పారెయ్యి.”

మట్టితోపాటు లారీలో వేశారు. లారీ వెళ్లాక వెండెల్ బండి తిప్పాడు. వెనక చక్రాల మీద బండి కుంగి ఉంది. పై సగం ఆదివారం నుంచీ అందులోనే ఉంది. దాదాపు ఒక మనిషి బరువు, దింపడానికి ఇంకో మనిషి చెయ్యి కావాలి. సంఘంలో ఎవరిని పిలిచినా ఎలా విరిగిందని అడుగుతారు. పికప్‌కు గుడ్డ కప్పి కిరాణా కొట్టుకు వెళ్లాడు, పెట్రోలుకు వెళ్లాడు. మలుపుల దగ్గర అది దొర్లి ఒక పక్క రేకుకు కొట్టుకునేది. అతను మలుపుల దగ్గర నెమ్మదిగా నడపడం నేర్చుకున్నాడు.