రెండో పంచనామా

రోడ్డు కోసం మొరం తవ్వుతున్న గుంత గోడ కూలినప్పుడు లక్ష్మీరాజం దుకాణంలో ఉప్పు తూస్తున్నాడు. అరుపులు విని తరాజు అట్లాగే వదిలేసి పరుగెత్తాడు. అప్పటికే యాభై మంది పారలు పక్కన పడేసి చేతులతో మట్టి తోడుతున్నారు. పార వేస్తే లోపలున్న మనిషికి తగులుతుందని భయం. అంతయ్యను బయటికి లాగేసరికి అతని నోటి నిండా ఎర్రటి మొరం ఉంది.

అంతయ్యకు నాలుగు రోజుల నుంచి జ్వరం. ఆ సంగతి అందరికంటే లక్ష్మీరాజానికే బాగా తెలుసు. ఇద్దరివీ ఎదురెదురు ఇళ్ళు. ఆ పొద్దున పంచాయతీ బంట్రోతు లచ్చయ్య వచ్చి, వణుకుతున్న అంతయ్య మీది గొంగడి గుంజేశాడు. "ఇయ్యాల్టికి ఇడిసిపెట్టు కాకా, నిలవడలేకపోతుండు" అని అంతయ్య పెళ్ళాం కనకవ్వ కాళ్ళావేళ్ళా పడింది. "రేపు రోడ్డు జూడ మంత్రి వస్తుండు. ఇంటికొక మనిషి రావాలె. దొర మాట" అంటూ లచ్చయ్య అతన్ని రెక్క పట్టి ఈడ్చుకుపోయాడు. లక్ష్మీరాజం అంతా చూశాడు. చూసి, తల దించుకుని, వాకిలి ఊడ్చుకున్నాడు.

అది అరవై రెండో సంవత్సరం ఎండాకాలం. ఊరి నుంచి పెద్ద సడక్ దాకా రోడ్డు వేయిస్తున్నది పంచాయతీ సమితి ప్రెసిడెంటు ముకుందరావు. కూలి లేదు. దాన్ని శ్రమదానం అంటారని ఒక ఆఫీసరు వచ్చి మైకులో చెప్పిపోయాడు. ముకుందరావుకు మైకు అవసరం లేదు. నిజాం రోజుల్లో ఈ ఊరి దొర ఆయనే. ఇదే మనుషులతో ఇదే పని చేయించుకున్నాడు. అప్పుడు దాని పేరు వెట్టి.

శవం పక్కన నిలబడి ముకుందరావు తెల్లటోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత లక్ష్మీరాజాన్ని పక్కకు పిలిచాడు.

"లక్ష్మీరాజం గారూ, రేపు మంత్రిగారి బందోబస్తుకు ఎస్సై వస్తడు. పంచనామ గప్పుడే రాస్కుందం. అంతయ్య తన ఖుషీతోని వచ్చిండు, వద్దన్నా ఇనకుంట గోడ కిందికి పోయి తవ్విండు. గంతే. మీ సంతకం ఉంటె ఇంకెవ్వడు నోరు తెరువడు."

లక్ష్మీరాజం చేతికంటిన ఉప్పు దులుపుకున్నాడు.

"అంగట్ల మీ జాగ మీద పంచాయతీల లొల్లి నడుస్తుంది. నేనే ఆపుకుంట వస్తున్న" అన్నాడు దొర, టోపీ మళ్ళీ పెట్టుకుంటూ.

లక్ష్మీరాజం మనసులో ముందుగా పడింది ఆ 'గారు'. పదిహేనేళ్ళ కింద ఇదే మనిషి తన కోటలాంటి గడీలో అతన్ని చెప్పులు చంకలో పెట్టించి నిలబెట్టాడు. ఇప్పుడు గారు అంటున్నాడు. వ్యాపారికి తెలియనిదా, అడగకుండా మొగ్గు తూచేవాడు ఇంకెక్కడో కోత పెడతాడని.

అంతయ్యను మట్టి చేసి వచ్చాక, దీపాలు పెట్టే వేళ, జనం సాలెల మగ్గాల కొట్టంలో చేరారు. సిద్దిరాములు నడుమ నిలబడి ఉన్నాడు. అతను సోలాపూర్ మిల్లులో సంఘం పెట్టినందుకు పని పోగొట్టుకుని ఊరికి వచ్చిన నేతగాడు. గోడ పక్కన కనకవ్వ, ఆమె పక్కన అంతయ్య తల్లి బుచ్చవ్వ. ఇద్దరి కళ్ళలో నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి.

"టోపీని జూసి మోసపోకుండ్రి. హిట్లర్ సుత ముందుగాల జనం ముందల చేతులు జోడిచ్చిండు" అన్నాడు సిద్దిరాములు.

"గాడెవడు బిడ్డా? ఏ ఊరి దొర?" అంది బుచ్చవ్వ.

"జర్మనీ దేశపోడు అవ్వా. ఓట్లు అడుక్కొనే వచ్చిండు. వచ్చినంక ఓట్లే లేకుంట చేసిండు. ఆఖరికి సచ్చిండు."

"సచ్చినోని ముచ్చట నాకేంటికి? నా కొడుకును సంపినోడు సావలే గదా."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. వెనుక నుంచి హనుమండ్లు లేచాడు. చదువుకున్నవాడు, మొన్నటి ఎన్నికల్లో ముకుందరావు పక్షాన ఓట్లు అడుగుతూ ఊరూరా తిరిగినవాడు.

"గట్లనకు సిద్దన్నా. నిజాం దినాలల్ల గిట్ల కూసుండి మాట్లాడుదుమా? గీ మాటకే కట్టేసి కొట్టుదురు. ఇప్పుడు ఓటున్నది, కోర్టున్నది. హిట్లరు, నిజాము, మన ప్రెసిడెంటు అందర్నీ ఒక్క గాటన గడ్తవా?"

"కోర్టుకు ఏం జూపెడ్తవ్‌ర? రేపు రాసేటి పంచనామనా?"

"నిజమే, తేడా ఉన్నది" అని ఒకరూ, "ఏం తేడా, మన్ను మన నెత్తి మీదనే గదా" అని ఒకరూ. కొట్టమంతా గోలగోల అయింది. సిద్దిరాములు చెయ్యెత్తి, గడప దగ్గర కూర్చున్న లక్ష్మీరాజం వైపు తిరిగాడు.

"సేటూ, నీది తూసే చెయ్యి. నువ్వు చెప్పు. అప్పటి దొర బరువా, ఇప్పటి దొర బరువా?"

లక్ష్మీరాజం గడప మీంచి ముందుకు జరిగాడు.

"హనుమండ్లు అన్నది అబద్దం గాదు. అప్పుడు దెబ్బలుండె. ఇప్పుడు తక్కువ. కాని అప్పుడు కొట్టి చేపిచ్చుకున్నడని లోకానికి ఎర్కుండె. ఇప్పుడు చేపిచ్చుకొని, మేమే ఖుషీగ ఇచ్చినమని మనతోనే రాపిచ్చుకుంటుండు. అప్పటి దొరకు మన రెక్కలైతె సాలు. ఇప్పటాయనకు మన మాట సుత కావాలె." ఒకసారి కనకవ్వ వైపు చూశాడు. "గా మాట రేపు నన్ను ఇయ్యమంటుండు."

అతను బుచ్చవ్వ వైపు తిరిగాడు.

"ఇదేం మొదటిసారి గాదు. బుచ్చవ్వా, నీ పెనిమిటి ముత్యం గడీల దెబ్బలకు సచ్చిండు. పాము కరిచిందని పంచనామ రాసిండ్రు. దాని మీద సంతకం నాదే."

కనకవ్వ తల తిప్పి అత్తను చూసింది. బుచ్చవ్వ ముఖం మారలేదు.

"నాకు ఎర్కనే" అంది.

"ఎర్కుండి... ఇన్నేండ్ల సంది నా దుకాణానికే వస్తివి?"

"ఊళ్ళె ఇంకో దుకాణముండెనా? ఉప్పు లేకుంట గంజి దిగదు నాయినా."

కొరడాతో కొట్టినా లక్ష్మీరాజానికి అంత తగిలేది కాదు. అతను మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. బుచ్చవ్వ మాత్రం వేరే ఆలోచనలో ఉంది.

"నాకొక్కటి సమజైతలేదు సిద్దిరాములూ. దానమంటుండ్రు. దానమిచ్చెటోడు ఇయ్యనంటె ఇయ్యడు గదా? నా కొడుకు రానన్నడు. మరి గది దానమెట్లాయె?"

"కాదు అవ్వా."

"కానప్పుడు గా మన్ను ఎవనిది?"

సోలాపూర్‌లో ఎన్ని మీటింగుల్లో మాట్లాడాడో, ఈ ప్రశ్న సిద్దిరాములుకెప్పుడూ తట్టలేదు. "మనదే" అని జవాబిచ్చింది కనకవ్వ. మట్టి చేసి వచ్చినప్పటి నుంచి ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

తెల్లవారి, మామిడాకుల తోరణం కింద ముకుందరావు పూలదండలు సర్దిస్తుండగా, ఊరి చివర నుంచి గంపలతో జనం వచ్చారు. స్వాగతానికే వస్తున్నారని ముందు చిరునవ్వు నవ్వాడు. వాళ్ళు తోరణం దాటి పెద్ద సడక్ దాకా పోయి, రోడ్డు మొదలు దగ్గర పారలు వేశారు. తవ్విన మొరం గంపలకెత్తి, నెత్తిన పెట్టుకుని, గుంత వైపు వెనక్కి నడిచారు.

"ఏయ్, ఏందిది? పిచ్చిగాని లేసిందా?"

"మేమియ్యని దానం దొరా. వాపస్ తీస్కపోతున్నం" అంది కనకవ్వ, ఆగకుండానే.

మంత్రి కార్లు వచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా నడుములోతు కాలువ తేలింది. కార్లు కాసేపు ఆగి, దుమ్ము లేపుకుంటూ వచ్చిన దారినే పోయాయి. ఆ దుమ్ము తగ్గక ముందే లాఠీలు లేచాయి. సిద్దిరాములు తల పగిలింది. కనకవ్వ గంప నుగ్గయింది. ముసలివాళ్ళని కూడా చూడలేదు. గంట తిరిగేసరికి జనాన్నంతా తోరణం కింద ఎండలో కూర్చోబెట్టి, మంత్రి చాయ్ కోసం తెచ్చిన మేజా మీద ఎస్సై కాగితం పరిచాడు.

"పంచ్ సాక్షి ఎవరు?"

"మా లక్ష్మీరాజం గారున్నరు" అన్నాడు ముకుందరావు.

లక్ష్మీరాజం మేజా దగ్గరికి నడిచాడు. అంగట్లో జాగ, ఇల్లు, పిల్లలు అన్నీ ఒక పక్కన పెట్టి చూసుకున్నాడు. ఎటు చూసుకున్నా నష్టమే. కాకపోతే ఈ నష్టం తన చేత్తో తాను రాసుకునేది.

"నేను చూసింది రాయుండ్రి సార్. జ్వరమున్న మనిషిని లచ్చయ్య రెక్క పట్టి ఈడ్చుకపోయిండు. గది రాస్తె సంతకం పెడ్త. పదిహేనేండ్ల కింద ముత్యం పంచనామల పెట్టిన సంతకం అబద్దమని సుత రాస్కోండ్రి."

"ఏమ్‌ర రాజిగా!" ముకుందరావు ముఖం నల్లబడింది. గారు ఎటుపోయిందో పోయింది. "గడీ మర్సిపోయినవార?"

"మర్వలేదు దొరా. గందుకే."

ఎస్సై లక్ష్మీరాజం చెంప పగలగొట్టాడు. బేడీలు వేసి వ్యానులోకి తోశారు. ఇనుప జాలీకి ముఖం ఆనించి చూస్తే బయట ఎస్సై సిరా దిండు పట్టుకుని జనంలోకి దిగుతున్నాడు. సంతకం లేకుంటే వేలిముద్ర చాలు, ఊళ్ళో ఎవడిదైనా సరే.

మొదట హనుమండ్లు ముందు ఆగాడు. ప్రెసిడెంటు మనిషని ఎవరో చెప్పి ఉంటారు.

"బొటనవేలు తియ్."

హనుమండ్లు ముకుందరావును ఒకసారి చూశాడు. బొటనవేలు అరచేతిలోకి మడిచి, మీద నాలుగు వేళ్ళూ బిగించాడు. జవాను రెండు చేతులతో పట్టి పీకినా అది తెరుచుకోలేదు. లాఠీ పడింది. చేతి మీద నెత్తురు కారింది గానీ వేలు బయటికి రాలేదు. పక్కవాడు ఆ చెయ్యి చూసి తన వేలు మడిచాడు. అతన్ని చూసి ఇంకొకడు. బుచ్చవ్వ ఎండిపోయిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని బిగించింది. కనకవ్వ రెండు చేతులూ బిగించి మోకాళ్ళ మీద పెట్టింది.

వ్యాను కదిలింది. లక్ష్మీరాజం బేడీల్లో ఉన్న తన చేతి వేలు కూడా మడుచుకున్నాడు. వెనుక ఎస్సై ఒక్కొక్క పిడికిలి ముందూ వంగి లేస్తున్నాడు. ఎండకు దిండు మీద సిరా ఆరిపోతోంది. ఇంకా సగం ఊరు మిగిలే ఉంది.