ఐదో ట్యాంకు పిలుపు

మూసి ఉన్న వాల్వుకు అవతల పైపు మీద మంచు పేరుకుంది. దానికి బొటనవేలు ఆనించి, అది కరిగేదాకా అతను కదలలేదు. వాల్వు మూసి ఉంటే అక్కడ మంచు ఉండకూడదు. లోపల గ్లైకాల్ జారిపోతూనే ఉందన్నమాట. నీళ్ళు గడ్డకట్టే చలిలో కూడా పారే ద్రవం అది. బీరు పులిసే ట్యాంకుల చుట్టూ తిరిగి వాటి వేడిని లాక్కుపోతుంది. అవసరానికి మించి తిరిగితే బీరును పులియబెట్టే ఈస్టు పని మానేసి ముడుచుకు పడుకుంటుంది. పద్దెనిమిది డిగ్రీలుండాల్సిన ఐదో ట్యాంకు పదకొండు దగ్గర వణుకుతోంది.

ఈ జబ్బు మెకానిక్కుగా అతనికి కొత్త కాదు. వాల్వు విప్పి, అరిగిన రబ్బరు బిళ్ళ మారిస్తే తీరిపోతుంది. కానీ విప్పలేదు. నెపం చలియంత్రం మీదికి నెట్టాడు, సెన్సరు మీదికి నెట్టాడు, చివరికి ఎండల మీదికి కూడా నెట్టాడు.

మధ్యాహ్నం వేడికి ట్యాంకులన్నీ ఒక్కసారిగా చలిని అడుగుతాయి. చాలిందనుకోగానే వాటి వాల్వులు మూసుకుంటాయి. అప్పుడు ఒత్తిడంతా ఐదోదాని మీద పడి, దాని బలహీనమైన బిళ్ళ రెండుసార్లు కొట్టుకుంటుంది. టంగ్, టంగ్. ఇదే పనిలో ఉన్న బావ బతికున్నప్పుడు తనను భోజనానికి పిలవాలంటే స్పానరుతో ఆ పైపు మీద అలాగే కొట్టేవాడు. “రారా మంచుగడ్డా, ఆకలికైనా కరుగు” అనేవాడు. నోరు విప్పని బావమరిదికి ఆయన పెట్టిన పేరు అది.

బావ గుండె ఆగి పోయిన నెలకు ఆ చప్పుడు మొదలైంది. మొదటిసారి విన్నప్పుడు అతని చేతిలోని టార్చి జారిపోయింది. మర్నాడు సీసాలు కడిగే విభాగం నుంచి అక్క క్యారేజీ పట్టుకొచ్చింది. చప్పుడు వినగానే ఆమె ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది.  ఆనాటి నుంచి రోజూ అక్కడే, బావ ఎర్ర స్టూలు పక్కన నేల మీద కూర్చుని అతనితో కలిసి తింటోంది. స్టూలు మీద ఎవరూ కూర్చోరు. పోయినవాళ్ళు రారని అతనికి తెలుసు. అయినా పన్నెండు దాటితే ఒళ్ళంతా చెవులు చేసుకునేవాడు. మొదట్లో చప్పుడే తప్ప నష్టం లేదు. ఈమధ్యే బిళ్ళ బాగా చిరిగి బీరు పాడవుతోంది.

ఇవాళ పొద్దున బీరు తయారీ చూసే పెద్దాయన వచ్చి ట్యాంకు మీద చెయ్యేశాడు.

“ఇది రెండో విడత బీరు పాడవడం. ఇవాళ బాగుపడకపోతే దీన్ని పీకించేస్తాను. నీ ఉద్యోగం సంగతి నేను చెప్పలేను.”

“బాగుచేస్తానండి.”

రెండువైపులా లైను కట్టేసి వాల్వు విప్పాడు. తియ్యటి వాసనతో గ్లైకాల్ వేళ్ళ మధ్య నుంచి కారింది. బిళ్ళ అరచేతిలోకి వచ్చింది. ఇన్నాళ్ళూ పిలిచింది ఇదా అని నవ్వబోతే ఏడుపొచ్చింది. కొత్తది బిగించాడు. పైపు మీది మంచు చుక్కలుగా రాలడం మొదలైంది.

అక్క వేళకే వచ్చి మూత తీసింది. ట్యాంకులు చలిని అడిగాయి, వాల్వులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఐదోది పలకలేదు. ఆమె చెయ్యి ముద్దలోనే ఆగిపోయింది. ట్యాంకు వెనక నిలబడ్డ అతను ఆమె ముఖం చూసి తట్టుకోలేకపోయాడు. కొక్కేనికి వేలాడుతున్న బావ స్పానరు తీసి పైపు మీద రెండుసార్లు కొట్టాడు.

అక్క ట్యాంకు వైపు తల తిప్పింది.

“మీ బావ అంత గట్టిగా ఎప్పుడూ కొట్టలేదురా,” అంది.

స్పానరుతోనే బయటికొచ్చి నిలబడ్డాడు. “వాల్వు బిళ్ళ చిరిగిందక్కా. ఇందాకే...”

“తెలుసులే. మా సీసాల దగ్గర వాల్వులు లేవా ఏంటి?”

“మరి రోజూ ఎందుకొచ్చావు?”

“అది వింటేగానీ నువ్వు నాలుగు మెతుకులు తినేవాడివి కాదు. అందుకని.” స్టూలు అతని వైపు జరిపింది. “కూర్చో. ఆయన ఇంక రాడు.”

కూర్చున్నాడు. అక్క చేతిలో పెట్టిన ముద్ద తిన్నాడు.

వెళ్తూ ఆమె, “రేపట్నుంచి నేను సీసాల దగ్గరే తింటాను. ఇక్కడ చలి. నువ్వే రా,” అంది. వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రానికి ట్యాంకు వేడి చూపే ముల్లు పన్నెండు డిగ్రీలకు చేరింది. ట్యాంకు గాలి గొట్టం ముంచిన బకెట్లో ఒక బుడగ లేచింది, చాలాసేపటికి ఇంకొకటి. ఈస్టు మళ్ళీ పని మొదలెట్టింది. అతను దీపం ఆర్పి తలుపు వేశాడు. లోపల ఎర్ర స్టూలు మీద అతను పెట్టిన, ఇంకా తడి ఆరని నల్ల రబ్బరు బిళ్ళ, చిరుగు కాస్త తెరుచుకుని ఉంది.