మూసి ఉంచిన కన్ను

నొప్పి ఉన్నవాళ్ళు ఏడుస్తూ పరుగెత్తుకొస్తారు. నొప్పి లేకుండా చూపు పోయినవాళ్ళు తీరిగ్గా, ఇంట్లో పనులన్నీ చక్కబెట్టుకుని వస్తారు. కంటి డాక్టరుగా నాకు ఒళ్ళు మండేది ఈ రెండో రకాన్ని చూస్తేనే. వాచీలు బాగుచేసే ఆ పెద్దమనిషి కూడా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, భార్యను వెంటబెట్టుకుని నింపాదిగా వచ్చి కూర్చున్నాడు.

"కుడికన్ను కనబడటం లేదమ్మా. నొప్పేం లేదు."

"ఎప్పటినుంచి?"

"నిన్న పొద్దున్నుంచి. పనిలో ఉండగా చటుక్కున చీకటైపోయింది. ఆ కంటికి బిగించుకున్న భూతద్దానికి మురికి పట్టిందనుకున్నా. రెండు కళ్ళూ తెరిస్తే గది కనబడుతోంది కదా మరి."

"అనుకుని ఊరుకున్నారా?" భార్య అందుకుంది. "తుడిచారు, కడిగారు, ఇంకో అద్దం పెట్టుకు చూశారు. బల్బు కూడా మార్చారు. కన్ను మార్చడం ఒక్కటే తక్కువ. రోజంతా ఇదే భాగోతం, డాక్టరమ్మా!"

టార్చి వేశాను. కుడికంటి పాప కదల్లేదు. మందు వేసి లోపలికి చూశాను. రెటీనాకు నెత్తురు తీసుకెళ్ళే నాళం మూసుకుపోయింది. ఎర్రగా ఉండాల్సిన చోటంతా పాలిపోయి, నడుమ ఒక్క ఎర్రటి చుక్క మిగిలింది. నిన్న వెంటనే వచ్చి ఉంటే ఏదో ప్రయత్నం చేసేదాన్ని. దక్కేదని మాత్రం చెప్పలేను.

"ఈ చూపు ఇక రాదు," అన్నాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. "ఇలాంటిదే మెదడులోనూ జరగొచ్చు. ఇక్కణ్ణుంచి నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళి గుండె, మెడ నాళాలు చూపించుకోండి."

భార్య కళ్ళు తుడుచుకుంది. ఆయన ఆమె భుజం తట్టాడు.

"ఏడుస్తావెందుకే? ఎడమది ఉందిగా. నా పనికి ఒక్క కన్ను చాలు. ఇన్నేళ్ళూ దీన్ని మూసుకునేగా పనిచేశాను, కొత్తదానితో సమానం."

ఆ మాటకు నాక్కూడా ప్రాణం లేచొచ్చింది. కుడికన్ను మూసి, గోడమీది అక్షరాలు చదవమన్నాను.

"ఎక్కడ?"

"ఎదురుగానే."

"గోడ ఉంది. అక్షరాల్లేవు."

దగ్గరికి జరిగి నా మొహం చూడమన్నాను.

"చెవులు కనబడుతున్నాయి. జుట్టు కనబడుతోంది. నడుమ మీరు లేరమ్మా."

ఆ కంట్లోనూ మందు వేసి చూశాను. నడిమధ్యన ఏళ్ళనాటి మచ్చ. పక్కచూపు మిగిలింది కాబట్టి గోడలకు గుద్దుకోకుండా తిరుగుతున్నాడు. పనిలో ఎలాగూ మూసుకునే కన్ను; మిగతా వేళల్లో దాని పని కుడికన్నే చూసిపెట్టేది. ఈ ఎడమది ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు. అదీ నొప్పి లేకుండానే పోయింది. నాకు కోపం కూడా రాలేదు, భయమేసింది.

దాచకుండా చెప్పాను. వీధిలో నడవగలరు, వాచీ పని ఇక చేయలేరు, దీనికి కళ్ళద్దాలూ ఆపరేషనూ ఏవీ పనికిరావు అన్నాను.

"అదెలా?"

జేబులోంచి భూతద్దం తీసి ఎడమకంటికి బిగించుకున్నాడు. కుడికన్ను అడ్డమొస్తున్నట్టు దాన్ని గట్టిగా మూశాడు. భార్య చేతివాచీ మీదికి వంగి చాలాసేపు అలాగే చూశాడు.

"మురికి పట్టింది," అన్నాడు.

ఈసారి ఆవిడే భూతద్దం అందుకుని, మరకే లేని ఆ గాజును తుడవసాగింది.