స్విచ్ కట్టేసిన సాయంత్రాలు

నేను ఒక పాత కంప్యూటర్ని. ఓ ఆఫీసువాళ్ళు వాడి వాడి, ఇక పనికిరానని తేల్చి, కాకినాడలోని ఒక వృద్ధాశ్రమానికి దానమిచ్చి ఫొటో దిగారు. అందులో నేను తప్ప అందరూ నవ్వుతున్నారు.

ఆశ్రమం నడిపే పేర్రాజుగారిది మహా పొదుపు చెయ్యి. తప్పిపోయి వచ్చిన పెద్దవాళ్ళని అయినవాళ్ళు గుర్తుపట్టేలా వాళ్ళ ఫొటోలతో వెబ్‌సైట్ పెట్టాలనుకున్నప్పుడు, "సొంత కంప్యూటర్ ఉంచుకుని సైటు ఉంచడానికి ఎవరికో అద్దె కట్టడమేంటండీ?" అని దాన్ని నాలోనే పెట్టించారు. సైటు పేరుతో రైల్వే స్టేషన్లో ఓ బోర్డు కూడా కట్టించారు. ఇక లోకమంతా నా దగ్గరికే వస్తుందని తెగ మురిసిపోయాను.

వచ్చింది వరహాలమ్మ ఒక్కతే. రైల్వే స్టేషన్లో దొరికిన మనిషి, ఊరి పేరు మర్చిపోయింది. రోజూ నా ముందు స్టూలేసుకుని తెర మీద తన ఫొటో చూసుకునేది. "మా సెల్లి సూత్తాదంటావా?" అని నన్నే అడిగేది. ఎవరూ చూడ్డంలేదు. ఇద్దరం ఒంటరివాళ్ళమే.

ఎందుకు చూడ్డంలేదో ఆశ్రమానికి సాయంగా కొత్తగా వస్తున్న హేమలత టీచరు వల్ల బయటపడింది.

"సాయంత్రం ఇంటి నుంచి చూస్తే మన సైటు తెరుచుకోవడం లేదేంటి బాబాయ్‌గారూ?"

"తాళం వేసేటప్పుడు స్విచ్‌లన్నీ కట్టేస్తానుగా అమ్మా! కరెంటు ఊరికే వస్తుందా?"

"అయ్యో రామా! కూలీనాలీ చేసుకునేవాళ్ళు ఫోను ముట్టుకునేదే అప్పుడు కదండీ!"

పేర్రాజుగారు వరహాలమ్మ వైపు చూడలేకపోయారు.

ఆ రోజే బేరాలు మొదలుపెట్టారు. రాత్రీపగలూ ఆపని కంప్యూటర్లలో చోటు అద్దెకిచ్చే కంపెనీలు బోలెడున్నాయట. ఒకటి ఉచితమే గానీ, ముసలివాళ్ళ ఫొటోల పక్కన పేకాట ప్రకటనలు వేస్తుందట. ఇంకోటి మొదటి ఏడాది కారుచౌక, రెండో ఏడాది నుంచి తోలు తీస్తుంది. చివరికి, పెద్ద పేరు లేకపోయినా ఫోను చేస్తే మనిషి పలికే చిన్న కంపెనీని పట్టారు. నాలోని ఫొటోలన్నీ అక్కడికి వెళ్ళిపోయాయి.

కొన్నాళ్ళకే వరహాలమ్మ చెల్లెలు రొయ్యల ఫ్యాక్టరీ నుంచి సరాసరి పరుగెత్తుకొచ్చింది. "టేసన్లో మీ బోర్డు సూసిన కాణ్ణుంచీ, డూటీ దిగాకా సూత్తానే ఉన్నానండి. తెరుసుకుంటేనా!" అంటూ అక్కని పట్టుకుని బావురుమంది.

వెళ్తూ వెళ్తూ వరహాలమ్మ అలవాటుకొద్దీ నా ముందు ఆగింది. తెర మీద ఏమీ లేదు. చెంగుతో దుమ్ము తుడిచి వెళ్ళిపోయింది. నాకు సంతోషమే. ఏడుపొచ్చిన మాటా నిజమే.

ఇప్పుడు సామాన్ల గదిలో, విరిగిన వీల్‌చైర్ కింద ఉన్నాను. సాయంత్రమైతే పేర్రాజుగారు తాళాలు వేసే చప్పుడు వినిపిస్తుంది. ఆ స్విచ్ కట్టేసినందుకు ఆయన్ని ఎంత తిట్టుకున్నానో! ఇప్పుడు కట్టేయడానికైనా నా దగ్గరికి రారు.