కాలు తగిలితే

చదువుకని పరాయి దేశం వచ్చిన మూడు వారాలకే అక్కడి పద్ధతులన్నీ ఒంటబట్టేశాయనుకుంది మన పిల్ల. మూరెడు దూరంలో నిలబడాలనీ, ఎవరినీ ముట్టుకోకూడదనీ కొత్తవాళ్ళకి క్లాసు పెట్టి మరీ చెప్పారు. ఆ క్లాసు చెప్పినవాళ్ళ మొహం మండ, కాళ్ళ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు!

ఆవేళ ప్రొఫెసరమ్మ గదిలో, ఇరుకు బల్ల దగ్గర పక్కపక్కన కూర్చున్నారు. పిల్ల కాలు ఆవిడ కాలికి తగిలింది. అంతే, ఠక్కున ఆవిడ భుజాన్ని తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకుంది. ప్రొఫెసరమ్మ ఉలిక్కిపడి కుర్చీ వెనక్కి లాక్కుంది.

"ఏం చేస్తున్నావు?"

పిల్లకి తల కొట్టేసినట్టయింది. "మనిషికైనా పుస్తకానికైనా కాలు తగిలితే మేం ఇలా కళ్ళకద్దుకుంటామండీ. చిన్నప్పట్నుంచీ అలవాటు. నేను ఆలోచించేలోపే చెయ్యి చేసేసింది."

"ఓహో," అని ఊరుకుంది ఆవిడ. ఆ "ఓహో" పిల్లని వారం రోజులు కుదురుగా నిద్రపోనివ్వలేదు.

వారం తిరిగాక, పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆమె రాసిన వ్యాసాన్ని ప్రొఫెసరమ్మ ఎర్రసిరాతో చీల్చి చెండాడుతోంది. అందులోంచి ఒక కాగితం జారి కిందపడింది. కుర్చీ జరుపుకుంటూ ఆవిడ దానిమీద కాలేసింది. వంగి చూసింది. కాగితం పైకి తీసి, కళ్ళజోడు పక్కన పెట్టి, రెండు కళ్ళకీ మెల్లగా అద్దుకుంది.

"సరిగ్గానే చేశానా?"

పిల్ల తలూపింది.

"మంచిది," అని ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, ఆ పేజీ మొత్తం అడ్డంగా కొట్టేసింది.