బావిలో నలభై ఒక్క నిమిషాలు

ఉదయశ్రీ పొద్దున తొమ్మిదింటికి నూజివీడు స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చుందంటే సాయంత్రం దాకా పెళ్ళి వీడియోలు కోస్తూనే ఉంటుంది. నోరంతా తెరిచి ఆవలించే మేనత్తలు, ఖాళీ కుర్చీలు, పప్పు కోసం చెయ్యి చాపిన పెద్దమనుషులు, అన్నీ తీసేయాలి. తలంబ్రాలు మాత్రం నెమ్మది చేసి ఎంతసేపైనా సాగదీయొచ్చు. అన్నిటికంటే ముందు తీసేయాల్సింది వీడియో తీసేవాళ్ళ నీడ. పెళ్ళిళ్ళకి వెళ్ళి వీడియో తీసేదీ తనే. అది పెళ్ళికూతురి పట్టుచీర మీద కనిపిస్తే యజమాని స్టీఫెన్ ఊరుకోడు. అలా పదకొండేళ్ళుగా తన నీడని తనే కోసుకుంటూ వస్తోంది.

అలాంటి మనిషికి నీళ్ళలో చేపల్ని వీడియో తీయాలన్న పిచ్చి పట్టింది. ఆగిరిపల్లిలో మేనమామ బసవపున్నారావు చిన్నరసాల తోటలో పాత రాతి బావి ఉంది. ఆదివారాలు స్కూటీ మీద వెళ్ళి, తడిసినా పాడవని చిన్న కెమెరాని వెదురు గెడకి కట్టి అందులోకి దించేది. మొదట్లో అంతా పచ్చటి మసక. గెడ కాస్త కదిలితే అడుగున బురద లేచేది. ఎండ నిట్టనిలువునా బావిలోకి దిగే వేళకి వెళ్ళడం, గెడని రాతికి ఆనించి ఊపిరి బిగబట్టడం, కంప్యూటర్లో పచ్చదనం తగ్గించి ఎరుపు పెంచడం ఒక్కొక్కటే నేర్చుకుంది. చివరికి ఈ ఏప్రిల్లో ఒక కొరమీను కంటబడింది. ఎర్రటి పిల్లలు గుంపుగా తిరుగుతుంటే తల్లి కింద కాపలా కాస్తోంది. మొత్తం నలభై ఒక్క నిమిషాలు వచ్చింది.

విశాఖపట్నంలో సముద్రం లోపలి జీవాల్ని వీడియో తీసే సంస్థ ఒకటి, సహాయకులు కావాలని ప్రకటించింది. అయిదు నిమిషాల వీడియో పంపాలి, ఆఖరి గడువు శనివారం సాయంత్రం అయిదు. వయసు ముప్పై అయిదు లోపు ఉండాలి. వచ్చే నెలలో ఉదయశ్రీకి ముప్పై అయిదు నిండుతాయి. ఇది పోతే ఇక బతుకంతా ఆవలింతలే అని ఆమెకి గుబులు పట్టుకుంది.

సోమవారం మొదటి నిమిషం కోసింది. టీ చల్లారకముందే మావయ్య ఫోన్ చేశాడు.

"ఏం కోశావమ్మా? బావిలో నీళ్ళు జానెడు దిగాయి."

కరెంటు వచ్చిందా అని అడిగినట్టే అడిగాడు. ఆ బావి సంగతి అంతే. వెనకటికి ఎవరో దాని ఫోటోని కేలండరు కోసం పైన కాస్త కత్తిరిస్తే, ఇక్కడ గిలక ఊడి నీళ్ళలో పడింది. కొత్త గిలక తెచ్చి బిగించారు తప్ప దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు.

ఉదయశ్రీ కంగారుపడి ఆ నిమిషాన్ని వెనక్కి తేబోయింది. నల్లటి తెర తప్ప ఏమీ రాలేదు. తోటలో బోరు ఎండిపోయింది. కొత్తగా నాటిన అరవై అంటు మొక్కలకి ఆ బావే దిక్కు. ఆ మాటే అంటే, మొక్కలు మళ్ళీ నాటుకోవచ్చు, వయసు మళ్ళీ రాదు, కానివ్వమన్నాడు మావయ్య. ఆయన అంత తేలిగ్గా చెప్పినందుకు ఆమెకి ఇంకా బెంగ పెరిగింది.

బుధవారం ఒక కప్ప ఉన్న ముక్క తీసేసింది. ఆ కప్ప మళ్ళీ బావిలో కనబడలేదు. అప్పట్నించీ చేప ఉన్నచోట ముట్టుకోకుండా, ఉట్టి నీళ్ళు, ఉట్టి రాళ్ళు మాత్రమే కోస్తూ వచ్చింది. అత్తయ్య సీతారావమ్మ ఫోన్ చేసి ఎన్ని రాతి వరసలు బయటపడ్డాయో చెప్పేది.

శనివారం సెలవు పెట్టి, లాప్‌టాప్ పట్టుకుని తోటకే వెళ్ళింది. బావిలో మోకాలి లోతు నీళ్ళున్నాయి. గిలక మీద లకుముకి పిట్ట కూర్చుని, కింద ఎర్రగా మెదిలే గుంపునే చూస్తోంది. వీడియో అయిదు నిమిషాల నలభై సెకన్లకి వచ్చింది. ఇక ఎక్కడ చూసినా తల్లీ పిల్లలే.

ఆ నలభై సెకన్లు ఏవో ఆమెకి ముందే తెలుసు. ఒకనాడు బావిలోకి వంగినప్పుడు తన నీడ నీళ్ళలో పడింది. ఎండకి తాళలేక తల్లీ పిల్లలూ ఆ నీడలోకి చేరి కదలకుండా నిలబడ్డాయి. అందులో ఏమీ జరగదు. పైగా నీడ. స్టూడియోలో అయితే మొదటి రోజే కోసేసేది.

నాలుగున్నర అయింది. "ఇది తీస్తే చేప పోతుంది మావయ్యా" అంది.

"పోతే పోనీ. నువ్వు పంపించు" అన్నాడు బసవపున్నారావు. అంటూనే పిట్ట మీదకి మట్టిబెడ్డ విసిరాడు. అది లేచి మళ్ళీ అక్కడే వాలింది.

ఉదయశ్రీకి ఏడుపొచ్చింది. వేలు చెరిపే మీట మీదకి వెళ్ళి, వెనక్కి వచ్చింది. తర్వాత ఆ నలభై సెకన్లని తలంబ్రాలు సాగదీసినట్టు సాగదీసింది. పదింతలు సాగదీసింది. రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు చెమ్మగిల్లి, కారి, వరస తర్వాత వరస ఎక్కసాగాయి. గట్టు మీద నించి ఆమె లేచి నిలబడింది గానీ నీళ్ళలో పడ్డ ఆమె నీడ లేవలేదు. తల్లీ పిల్లలూ దాని కిందకి చేరాయి. వెతికి వెతికి విసుగొచ్చి పిట్ట ఎగిరిపోయింది.

పదకొండు నిమిషాల నలభై సెకన్ల వీడియోని సంస్థ వాళ్ళ కంప్యూటరు తీసుకోలేదు. అయిదు దాటింది. సీతారావమ్మ మజ్జిగ ఇచ్చి, నీడ లేకుండా ఎండలో ఎలా వెళ్తావని తన కొంగు తల మీద కప్పి స్కూటీ దాకా సాగనంపింది.

స్టీఫెన్‌కి మాత్రం పండగే. పెళ్ళిళ్ళలో ఏ పక్కన నిలబడినా ఆమె నీడ పట్టుచీర మీద పడదు. ఆ మాట నలుగురిలో పడి విశాఖ దాకా వెళ్ళింది. జూన్‌లో ఆ సంస్థ నించే ఫోన్ వచ్చింది. తమవాళ్ళ నీడ పడగానే చేపలు బెదిరిపోతున్నాయట, వెంటనే రమ్మన్నారు. తనకి ముప్పై అయిదు నిండాయని ఆమె భయపడుతూ చెప్పింది. ఆ నిబంధన నీడ ఉన్నవాళ్ళకేనన్నారు.

హనుమాన్ జంక్షన్‌లో విశాఖ బస్సు కోసం నిలబడి మావయ్యకి ఫోన్ చేసింది. పిల్లలు పెద్దవై విడిపోయాయని, నీడ మాత్రం అక్కడే ఉందని చెప్పాడాయన.

"అంత దూరం వెళ్తున్నావు, ఒంటరిగా. తీసుకెళ్ళకూడదూ?"

బస్సు వచ్చి ఆగింది. జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు, వాళ్ళ నీడలు కూడా.

"తల్లి ఉందా మావయ్యా?"

"ఉందమ్మా. నీడ వదిలి రావట్లేదు."

"అయితే ఉండనివ్వండి" అని ఉదయశ్రీ బస్సెక్కింది.